గల్లాపెట్టె దగ్గర గాలి

2021 మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. దుకాణాలు పొద్దున 6కు తెరిచి 12కు షట్టరు దించాలి. రెండో విడత కరోనా ఉధృతంగా ఉన్న రోజులవి. ఆసుపత్రుల్లో మంచం దొరకడమే గగనంగా ఉండేది. కట్టడి అవసరమేనని అందరూ ఒప్పుకున్నారు. అయితే గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషికి వేరే లెక్క కనిపించింది. మామూలుగా 14 గంటలు తెరిచి ఉండే కిరాణా కొట్టుకు రోజుకు 140 మంది వస్తారనుకుందాం. అంటే గంటకు పదిమంది. కర్ఫ్యూ పెట్టారని బియ్యం, పప్పు కొనడం ఎవరూ మానుకోరు. ఆ 140 మందీ ఆరు గంటల్లోనే రావాలి. అప్పుడు గంటకు 23 మంది. వీధిలో జనం పలచబడ్డారు, కొట్టులో మాత్రం ఒకేసారి నిలబడేవాళ్లు రెట్టింపు దాటారు. ఆ నెలలో విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పొద్దున పదకొండింటికి నిలబడి చూసినవారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించనక్కరలేదు.

ప్రభుత్వాన్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఊరు మొత్తానికి మేలు చేసే నిబంధన, ఊళ్లో ఒక కొట్టు యజమానికి ప్రమాదాన్ని పెంచవచ్చు. ఊరి లెక్క వేరు, కొట్టు లెక్క వేరు. అప్పట్లో చిన్న వ్యాపారులకు చెప్పిన జాగ్రత్తలు గుర్తు చేసుకోండి: గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా, నుదుటికి గురిపెట్టే జ్వరం తుపాకీ, రోడ్డు మీద సున్నంతో గీసిన వృత్తాలు. అన్నీ గుమ్మం దగ్గరివే, వచ్చిపోయే మనిషిని దృష్టిలో పెట్టుకున్నవే. వచ్చిన మనిషి పది నిమిషాలుండి వెళ్లిపోతాడు. ఆయన వదిలిన గాలిని, ఆయన తరువాత వచ్చినవాళ్లు వదిలిన గాలిని రాత్రి దాకా పీల్చేది యజమాని, గుమాస్తా. వాళ్ల వైపు నుంచి చూస్తే జాగ్రత్తల వరుసే మారిపోతుంది.

మా మేనమామకు విజయవాడ గవర్నర్‌పేటలో నోటుపుస్తకాల బైండింగ్ షాపు ఉంది. పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. ముందు షట్టరు, వెనక గోడ. ఐదుగురు పనివాళ్లు, మైదా జిగురు వాసన, పైన రెండు ఫ్యాన్లు. కింద రాసిన వాటిలో సగం ఆ షాపులో తప్పుచేసి తెలుసుకున్నవే.

ముందుగా జబ్బు ఏ దారిన వస్తుందన్నది తేల్చుకోవాలి. కొవిడ్ విషయంలో పెద్దలకే అది తేలడానికి ఏడాది పట్టింది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఈ జబ్బు గాలిలో వ్యాపించదని ఖాయంగా ప్రకటించింది. దగ్గినప్పుడు పడే తుంపరలు, చేతులు ముట్టుకునే వస్తువులు, అంతేనంది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాసి, గాలిని పట్టించుకోండని మొత్తుకున్నారు. చివరికి 2021 ఏప్రిల్ 30న ఆ సంస్థ తన వివరణను సవరించుకుని, గాలి సరిగా ఆడని, జనం ఎక్కువసేపు గడిపే గదుల్లో వైరస్ గాలి ద్వారా వ్యాపించగలదని రాసింది. అదే నెలలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, వైరస్ అంటిన వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని తేల్చింది. ఈలోగా మనం ఏం చేశాం? నోట్లకు ఇస్త్రీ చేశాం. కూరగాయలను సబ్బునీళ్లలో నానబెట్టాం. మా మేనమామ షాపులో కట్టలు కట్టిన పుస్తకాలను తడిగుడ్డతో తుడిచి, అట్టలు ఉబ్బిపోయి, రెండు ఆర్డర్లు పోగొట్టుకున్నాం. వెనక గోడకు పైన ఉన్న చిన్న కిటికీ మాత్రం దుమ్ము వస్తుందని మూసే ఉంచాం.

గాలి అనగానే వీధిలో గాలికే భయపడనక్కరలేదు. వైరస్ ఉన్న మనిషి మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా కంటికి కనపడని తుంపర బయటికి వస్తుంది. బీడీ పొగలాంటిదనుకోండి. బయటైతే చెదిరిపోతుంది, మూసిన గదిలో పేరుకుంటుంది. పేరుకున్న గాలిని ఎంతసేపు పీల్చామన్నదే అసలు లెక్క. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 61 మంది ఒక హాలులో రెండున్నర గంటలపాటు బృందగానం సాధన చేశారు. వారిలో ఒకరికి అప్పటికే లక్షణాలున్నాయి. ఆ ఒక్కరి నుంచి 52 మందికి సోకింది. అదే ఏడాది జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో, కిటికీలు లేని ఏసీ రెస్టారెంటులో పక్కపక్క బల్లల మీద భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి వచ్చింది. ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యే తిరుగుతూ ఉంది. ఆ అంతస్తులో ఉన్న మిగతా 73 మంది కస్టమర్లకూ, ఎనిమిది మంది సిబ్బందికీ ఏమీ కాలేదు.

అంత దూరం పోనక్కరలేదు. 2020 ఏప్రిల్‌లో విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగుతో పేకాటకు కూర్చున్నందువల్ల 24 మందికి సోకిందని అప్పటి జిల్లా కలెక్టరే ప్రకటించారు. చేతులు మారే ముక్కల మీద అందరి దృష్టీ పడింది. ముక్కల కన్నా, గంటల తరబడి మోకాలికి మోకాలు ఆనించి కూర్చోవడమే ఎక్కువ పని చేసి ఉంటుందని ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి నాకనిపిస్తుంది.

అన్నిటికన్నా చిన్న వ్యాపారికి పనికొచ్చే ఉదాహరణ 2020 మే నెలలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఒక క్షౌరశాలలో జరిగింది. ఇద్దరు పనివాళ్లకు జబ్బు లక్షణాలున్నాయి, అయినా పనిచేశారు. మొత్తం 139 మందికి జుట్టు కత్తిరించారు. కస్టమర్లు, పనివాళ్లు మాస్కులు వేసుకున్నారు. పరీక్షకు ఒప్పుకున్న 67 మందిలో ఒక్కరికీ వైరస్ లేదు. మాస్కు గొప్పతనానికి ఈ కథను చాలామంది చెప్పారు. దాని రెండో సగం మాత్రం ఎక్కువగా వినపడలేదు. ఆ ఇద్దరూ కస్టమర్లు లేని సమయంలో మాస్కులు తీసి కబుర్లు చెప్పుకునేవారు. ఒకరి తరువాత ఒకరికి జబ్బు వచ్చింది. మొదటామె నుంచి ఆమె భర్తకూ, వేరే ఇంట్లో ఉండే కూతురు, అల్లుడు, వాళ్లతో ఉండే మరొకరికీ, మొత్తం నలుగురికి సోకింది. 139 మంది కస్టమర్లు దాటిపోయారు, పక్క కుర్చీ మనిషి, సొంత మనుషులు చిక్కుకున్నారు.

అంటే బల్లకు అవతల నిలబడ్డ కొత్త మనిషి గురించే మనం భయపడుతుంటాం, జబ్బు మాత్రం బల్లకు ఇవతలే తిరుగుతుంది. మా మేనమామ షాపులో పనివాళ్లు పనిచేసినంతసేపూ మాస్కులు పెట్టుకునేవారు. ఒంటిగంటకు అందరూ వెనక గోడ దగ్గర కాగితపు రీముల మీద కూర్చుని, క్యారియర్లు విప్పి, ఒకరి పచ్చడి ఒకరు వడ్డించుకుంటూ అరగంట తినేవారు. నాలుగింటికి టీ. రోజు మొత్తంలో మాస్కు లేని సమయం అదే, గాలి ఆడని మూల కూడా అదే. కలిసి తినవద్దని చెప్పడం ఎంత కష్టమో ఎవరూ అడగవద్దు. చివరికి ఇద్దరిద్దరు చొప్పున, షాపు బయట అరుగు మీద తినాలని ఏర్పాటైంది. ఎండలో అరుగు మీద భోజనమేమిటని పెద్దపనివాడు వారం రోజులు అలిగాడు.

గాలి ఆడుతుందో లేదో కనుక్కోవడానికి యంత్రాలున్నాయి. గదిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో చూపించే చిన్న పరికరం కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. ఆరుబయట అది 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) దగ్గర ఉంటుంది. గదిలో 800 దాటితే మనుషులు వదిలిన గాలి బయటికి పోవడం లేదని అర్థం. అది కొనలేకపోతే ప్రతి కొట్టులోనూ బోణీకి ముందు వెలిగించే అగరుబత్తి ఉంది కదా. షాపు మధ్యలో పెట్టి పొగ ఎటు పోతుందో చూడండి. నిటారుగా లేచి కప్పు కింద గొడుగులా పరుచుకుంటే గాలి కదలడం లేదు. ఆరిపోయిన పావుగంట తరువాత కూడా లోపల అంతే ఘాటుగా వాసన వస్తుంటే, దగ్గినవాడి ఊపిరి కూడా అంతసేపు అక్కడే ఉంటుంది. మా షాపులో పొగ నేరుగా వెనక్కి, అంటే అన్నాలు తినే మూలకు పోయి, అక్కడే తిరుగుతూ ఉండేది.

పైన తిరిగే ఫ్యాను గాలిని కలుపుతుంది, మార్చదు. స్ప్లిట్ ఏసీ కూడా ఉన్న గాలినే చల్లబరచి మళ్లీ మన మీదికి వదులుతుంది. గాలి మారాలంటే లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి ఉండాలి. మన షట్టరు షాపులకు ఒకటే నోరు. వెనక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టగలిగితే రెండో దారి వస్తుంది. లెక్క తేలికే. పది, ఇరవై అడుగుల షాపుకు పదడుగుల ఎత్తు ఉంటే లోపలి గాలి 2,000 ఘనపుటడుగులు. ఫ్యాను నిమిషానికి 400 ఘనపుటడుగులు లాగుతుందనుకుంటే, ఐదు నిమిషాలకోసారి, గంటకు పన్నెండుసార్లు గాలి మారాలి. ర్యాకులు, కట్టలు అడ్డుపడి సగమే పనిచేసిందనుకున్నా ఆరుసార్లు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తరువాత, 2023లో, గంటకు కనీసం ఐదుసార్లు మారాలని సూచించింది. ఇంత చిన్న ఖర్చుతో ఇంత పని చేసే వస్తువు మరొకటి లేదు.

ఇందులో ఒక చిక్కుంది. ఎగ్జాస్ట్ వెనక ఉంటే కొత్త గాలి ముందు గల్లాపెట్టెను తాకి, తరువాత వెనక పనివాళ్ల దగ్గరికి పోతుంది. యజమానికి తాజా గాలి, పనివాళ్లకు వాడిన గాలి. ఈ మాట గమనించింది కూడా పెద్దపనివాడే. పని బల్లను రెండు గోడల పక్కకూ విడగొట్టి, ముందుకు జరిపాం. వన్‌టౌన్ సందుల్లోలా వెనక గోడ పక్కవాడిదైతే ఎగ్జాస్ట్ కుదరదు. అప్పుడు షట్టరు దగ్గర ఒక పక్కన స్టాండు ఫ్యానును వీధి వైపు తిప్పి పెట్టాలి. రెండో పక్క నుంచి గాలి దానంతటదే లోపలికి వస్తుంది. 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం విడుదల చేసిన సూచనల్లో ఉన్న సూత్రమూ ఇదే. పెద్ద తుంపరలు రెండు మీటర్లలో నేలరాలతాయి, సన్న తుంపరలు పది మీటర్ల వరకు పోగలవు కాబట్టి తలుపులు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు నడపండి అని. బెజవాడ వేసవిలో ఫ్యానును వీధికి తిప్పమంటే ఎవరైనా పిచ్చివాడనుకుంటారు. చెమటలు కారుతుంటే ఏ జాగ్రత్తా నిలవదు. కాబట్టి ఏసీ ఉన్న చీరల కొట్లు దాన్ని ఆపనక్కరలేదు. ఏసీ నడుపుతూనే తలుపు కాస్త తెరిచి ఉంచితే కరెంటు బిల్లు పెరుగుతుంది, అంతే.

ఈ లెక్కన అన్నిటికన్నా ప్రమాదకరమైన పని, కర్ఫ్యూ వేళ పోలీసులకు కనపడకుండా సగం షట్టరు దించి లోపల బేరం నడపడం. ఉన్న ఒక్క నోరూ మూసేసి, లోపల పదిమందిని నిలబెట్టడం అది. ఆ రోజుల్లో అలా నడిచిన కొట్లు ఎన్నో. జరిమానా భయం జబ్బు భయాన్ని మింగేసింది.

జ్వరం తుపాకీ సంగతి త్వరగా తేల్చేయవచ్చు. కొవిడ్ లక్షణాలు బయటపడడానికి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు సోకుతుంది. కొందరికి లక్షణాలే ఉండవు. పారాసిటమాల్ వేసుకుని వచ్చినవాడి నుదురు చల్లగానే ఉంటుంది. మే ఎండలో నడిచి వచ్చిన ఆరోగ్యవంతుడి నుదురు కాలిపోతుంటుంది.

దగ్గును బట్టి పట్టుకోవడమూ అన్నిచోట్లా కుదరదు. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి చూడండి. సీజనులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పుతుంటే ఆ ఘాటుకు రైతు, కమీషన్ ఏజెంటు, ముఠా కూలీ, చూడడానికి వెళ్లిన మనం, అందరం దగ్గుతాం, తుమ్ముతాం. అక్కడ దగ్గు జబ్బు గుర్తు కాదు, పని గుర్తు. అలాగని దానివల్ల ప్రమాదం తగ్గదు సరికదా, ఎవరికైనా జబ్బు ఉంటే ప్రతి దగ్గూ దాన్ని మరింత చిమ్ముతుంది. ఒకటి మాత్రం అక్కడివాళ్లకు కలిసొచ్చింది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పనిచేయడం వాళ్లకు ముందే అలవాటు. పైన రేకులున్నా చుట్టూ తెరిచి ఉండే షెడ్లలో గాలి ఆడుతుంది. అదే పనిని మూసిన గోడౌనులో చేస్తే కథ వేరుగా ఉంటుంది.

మాస్కు గురించి రెండు మాటలు. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపేది. అయితే ముఖానికి అతుక్కుని ఉంటేనే. పక్కల నుంచి గాలి పోయే ఎన్95 కన్నా బాగా బిగిసిన మామూలు సర్జికల్ మాస్కు నయం కావచ్చు. ముందు గుండ్రటి కవాటం ఉన్నవి మనల్ని కాపాడతాయేమో కానీ మనం వదిలే గాలిని వడకట్టవు. 2020 జూలై 20న కేంద్ర ఆరోగ్య శాఖ వాటిని వాడవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. గల్లా దగ్గర కూర్చునేవారికి యాభై దాటి, షుగరు, బీపీ ఉంటే మంచి మాస్కు మీద పెట్టిన ఖర్చు వృథా కాదు. అంతకన్నా మంచి పని, ఆ కుర్చీలో కొన్నాళ్లు కొడుకునో కోడలినో కూర్చోబెట్టడం. గల్లా వదలమంటే ఎంతమంది పెద్దలు వదులుతారన్నది వేరే ప్రశ్న.

ఇదంతా గాలి ద్వారా వచ్చే జబ్బు మాట. రాబోయే మహమ్మారి ఇదే దారిన వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2018 మార్చిలో పాత గుంటూరులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. కారణం కలుషితమైన తాగునీరు. అలాంటప్పుడు మాస్కులు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఏం చేస్తాయి? షాపులో అందరూ ముంచుకు తాగే మంచినీళ్ల బిందెను, టీ కొట్టు గ్లాసులు కడిగే బకెట్టును చూసుకోవాలి. వాంతులు, విరేచనాలు కలిగించే కొన్ని వైరస్‌లకు ఆల్కహాలు శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బు, నీళ్లే గతి. జబ్బు పేరు వినగానే పాత సామాను బయటికి తీయకుండా, గాలా, నీరా, చేయా, దోమా అని ముందు అడగాలి.

శానిటైజర్ మాట వచ్చింది కాబట్టి, దానివల్లే వచ్చే ప్రమాదాలు. అందులో కనీసం 60 శాతం ఆల్కహాలు ఉంటుంది, అగ్గిపుల్ల చాలు. మన కొట్లలో గల్లా పైన దేవుడి పటం, దాని ముందు దీపం, ఆ పక్కనే ఐదు లీటర్ల శానిటైజర్ డబ్బా. ఇది నేను ఒక్కచోట చూసింది కాదు. నాసిరకం వాటిలో మిథనాల్ కలుస్తుంది, అది విషం. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మద్యం అలవాటున్న పనివాడు ఉన్న షాపులో డబ్బాకు తాళం వేయడం అవమానించడం కాదు. బ్లీచింగ్ నీళ్లలో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. రెండూ కలిపితే రెట్టింపు శుభ్రమని నమ్మేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఇక మనుషుల మీద మందు చల్లే సొరంగాలు వద్దని 2020 ఏప్రిల్ 18నే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. అయినా కొన్నాళ్లు అవి నడుస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి. జబ్బు బల్లకు ఇవతలే తిరుగుతుందన్నప్పుడు, జ్వరం వచ్చిన పనివాడు ఇంట్లో ఉండాలి. ఉంటాడా? మా మేనమామ షాపులో రానిరోజు కూలి కోత. అందరి దగ్గరా అంతే. 2020 ఆగస్టులో కుట్టుపని చేసే కుర్రవాడికి రాత్రి జ్వరం వచ్చింది. పొద్దున మాత్ర వేసుకుని పనిలోకి వచ్చాడు. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి షాపులో ముగ్గురికి, మా అత్తయ్యకు వచ్చింది. షట్టరు పదహారు రోజులు మూత. ఆ కుర్రవాడిని మేనమామ తిట్టినంత తిట్టి, ఆ తరువాత ఒక సాయంత్రం లెక్క వేసుకున్నాడు. రోజుకు 500 చొప్పున వారం కూలి ఊరికే ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే 3,500. పదహారు రోజుల అద్దె, వడ్డీ, పోయిన పని కలిపితే దానికి ఎన్నో రెట్లు. ఆ కుర్రవాడు అబద్ధం చెప్పలేదు, చెబితే నష్టపోయేట్టు మేమే పెట్టుకున్నాం.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్న చోట జబ్బు రోజులకు వేతనంలో 70 శాతం వస్తుంది. ఐదుగురున్న షాపుకు అది వర్తించదు. లాక్‌డౌన్ మొదట్లో, 2020 మార్చి 29న, మూసి ఉన్న కాలానికి కూడా పూర్తి జీతాలు ఇవ్వాలని కేంద్ర హోంశాఖ ఆదేశించింది. మే 18 నుంచి ఆ ఆదేశం అమలులో లేదు. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలంది. చివరికి చిన్న షాపులో ఆ భారం యజమాని జేబు మీదే. అందుకే జ్వరం కూలి అని మా మేనమామ ఒక పద్దు తెరిచాడు. నెలకు ఒక మనిషి వారం కూలి పక్కన పెడతాడు. ఎవరికీ జ్వరం రాకపోతే దసరాకు పంచేస్తాడు. దొంగ జ్వరాలు వస్తాయని ఇరుగుపొరుగు షాపులవాళ్లు భయపెట్టారు. ఒకటి రెండు వచ్చే ఉంటాయి. నిజం జ్వరం దాచుకుని వచ్చేవాడు చేసే నష్టంతో పోలిస్తే అదెంత?

ఆ పక్కన పెట్టే డబ్బు ఎక్కడిదని అడగవచ్చు. అప్పుల సంగతి చూద్దాం. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు వాయిదాలకు మూడు నెలల విరామం ఇచ్చి, తరువాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. దీన్ని చాలామంది మాఫీ అనుకున్నారు. వాయిదా ఆగింది, వడ్డీ ఆగలేదు. ఐదు లక్షల అప్పు, 12 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలలకు మామూలు వడ్డీ 30,000. నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడితే 30,760. ఆ అక్టోబరులో రెండు కోట్ల లోపు అప్పులకు ప్రభుత్వం భరిస్తామన్నది ఈ రెంటికీ మధ్య తేడా, అంటే 760 రూపాయలు. వడ్డీ మాఫీ అని పేపరులో చదివి బ్యాంకుకు పరుగెత్తినవాళ్ల ముఖాలు చూడాల్సింది. చేతిలో డబ్బు ఉన్నవాడు ఆ ఆరు నెలలూ కట్టుకుంటూ పోవడమే మేలు. లేనివాడికి మాత్రం ఆ విరామం నిజంగా ఊపిరి.

2020 మే నెలలో ప్రకటించిన మూడు లక్షల కోట్ల హామీ రుణ పథకం కూడా, అప్పటికే బ్యాంకులో వ్యాపార రుణం ఉన్నవారికే. ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం అదనంగా, తాకట్టు లేకుండా ఇచ్చారు. బ్యాంకు గడప తొక్కని వ్యాపారికి బాకీయే లేదు, ఇక దానిలో 20 శాతమేమిటి? తోపుడు బండ్లవారికి అదే ఏడాది జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి కింద 10,000, సకాలంలో తీరిస్తే ఇంకొంచెం పెద్ద అప్పు, ఏడు శాతం వడ్డీ రాయితీ దక్కాయి. నవంబరు 25న రాష్ట్రం జగనన్న తోడు పేరుతో వడ్డీ లేని 10,000 మొదలుపెట్టింది. ఈ రెంటికీ మధ్య ఉన్నవాడు, అంటే షట్టరు షాపు ఉండీ బ్యాంకు అప్పు లేనివాడు, చిట్టీల దగ్గరికో, రోజువారీ ఫైనాన్సు దగ్గరికో వెళ్లాడు. కాల్‌మనీ, అంటే విపరీతమైన వడ్డీకి అప్పిచ్చి పీడించే వ్యాపారం, అన్న మాటకు 2015 డిసెంబరులోనే విజయవాడ రాష్ట్రమంతా పేరుమోసింది. దాని గురించి ఈ ఊరివాళ్లకు నేను చెప్పేదేముంది? బ్యాంకు ఖాతాలో అమ్మకాలు కనపడేలా, చిన్నదైనా ఒక అప్పు సక్రమంగా తీర్చిన చరిత్ర ఉండేలా మంచి రోజుల్లోనే చూసుకోవాలి. జబ్బు వచ్చాక బ్యాంకుకు వెళ్తే పాస్‌బుక్కు తప్ప మన ముఖం ఎవరూ చూడరు.

బీమా విషయంలో భ్రమలు ఇంకా ఎక్కువ. షాపుకు ఉన్న అగ్నిప్రమాద పాలసీ, సరుకు కాలితేనో, వరదలో తడిస్తేనో ఇస్తుంది. సరుకంతా భద్రంగా ఉండి, షట్టరు మాత్రమే మూసి ఉంటే ఏమీ రాదు. బ్యాంకులో ఏడాదికి 12 రూపాయలకు ఉండి ఇప్పుడు 20 అయిన సురక్షా బీమా ప్రమాదంలో పోతేనో, అంగవైకల్యం వస్తేనో మాత్రమే ఇస్తుంది. అప్పట్లో 330, ఇప్పుడు 436 రూపాయల జీవన జ్యోతి మాత్రం జబ్బుతో పోయినా రెండు లక్షలు ఇస్తుంది. ఈ రెండూ ఒకటేననుకుని, 12 రూపాయల రసీదు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగిన కుటుంబాలున్నాయి. 2020 జూలైలో వచ్చిన కరోనా కవచ్ పాలసీ గరిష్ఠ గడువు తొమ్మిదిన్నర నెలలు. వచ్చిన వెంటనే కొన్నవారికి అది 2021 ఏప్రిల్‌లో ముగిసింది. జబ్బు తగ్గిపోయిందని సంక్రాంతికే అందరం నమ్మేశాం కాబట్టి, పొడిగించుకోవచ్చన్న ఆలోచన చాలామందికి రాలేదు. రెండో విడత సరిగ్గా అప్పుడే వచ్చిపడింది.

చివరిగా, ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడని సంగతి. మా మేనమామ 2021 మే నెలలో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, బతికి వచ్చాడు. ఆ పదకొండు రోజులూ షాపుకు ఎవరు ఎంత ఇవ్వాలో, కాగితం టోకు వ్యాపారికి మేము ఎంత బాకీయో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఖాతా పుస్తకం ఉంది, అందులో పేర్లకు బదులు ఆయనకు మాత్రమే తెలిసిన గుర్తులు. ఫోను తెరవడానికి నంబరు తెలియదు, డబ్బు వచ్చేది ఆ ఫోనుకే. ఆయనకు ఆక్సిజన్ పెట్టి ఉండగా నర్సును బతిమాలి, ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాయించుకుని వచ్చాం.

సొంత యాజమాన్యపు షాపుకు చట్టం దృష్టిలో వేరే ప్రాణం లేదు. యజమాని పాన్ నంబరే షాపు పాన్ నంబరు. ఆయన పోతే జీఎస్టీ నమోదు వారసుడికి దానంతటదే రాదు. వారసుడు కొత్త నమోదు తీసుకోవాలి, పాత ఖాతాలో మిగిలిన పన్ను జమను ఐటీసీ-02 అనే ఫారం ద్వారా బదిలీ చేసుకోవాలి. బ్యాంకులోని కరెంటు ఖాతాలో సంతకం పెట్టడానికి భార్యకో కొడుకుకో అధికారపత్రం ఇచ్చి ఉన్నా, యజమాని మరణంతో అది చెల్లదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు మాత్రం అక్కరకొస్తుంది. ఆ తరువాతి రోజులకు నామినీ పేరు ఉండాలి. సొంత యాజమాన్యపు ఖాతాలకు నామినీని పెట్టుకోవచ్చన్న సంగతే చాలామంది వ్యాపారులకు తెలియదు, ఫారం మాత్రం ఒక్క పేజీ. మా మేనమామ ఇంటికి వచ్చిన పదో రోజున ఆ పేజీ నింపాడు. ఖాతా పుస్తకంలో గుర్తుల పక్కన పేర్లు రాయడానికి మాత్రం దీపావళి దాకా పట్టింది. రెండు గుర్తులు ఎవరివో ఆయనకే గుర్తు రాలేదు.